నేను వద్దన్న ఇరుసు

మన తెలుగు సంఘం కుర్రాళ్ళు ఇంటికొచ్చి, "తాతగారూ, మీ సర్వీసులో చేసిన మంచి పని ఏదైనా ఒకటి రాసివ్వండి" అన్నారు. రైల్వే మోటారు గ్యారేజీలో జీవితమంతా గడిపినవాణ్ణి. బాగుచేసిన బళ్ళ గురించి చెప్పుకుంటూ పోతే మీ పుస్తకం నిండిపోతుంది. కానీ నాకు ఇప్పటికీ మీసం మీద చెయ్యి వేయాలనిపించేది నేను చేసిన పని తలుచుకుని కాదు, వద్దన్న పని తలుచుకుని. అందుకని అదే రాస్తున్నాను. మీలో తెలుగు కూడబలుక్కుని చదివేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. మీ అమ్మచేతో నానమ్మచేతో చదివించుకుని వినండి. నేను చదివింది ఐదో తరగతే గనక దీన్ని వింటేనే బాగుంటుంది కూడా.

బిలాస్‌పూర్‌లో రైల్వే అంటే అందరికీ ఇంజన్లూ వేగన్లే గుర్తొస్తాయి. రోడ్డు మీద తిరిగే బళ్ళు కూడా రైల్వేకి ఉండేవి. లారీలు, జీపులు, స్కూలు బస్సు, ఆస్పత్రి బండి. అవి మూలిగితే మా దగ్గరకి వచ్చేవి. గొప్ప షెడ్డేమీ కాదు. రేకుల కప్పు, బండి కిందకి దిగి పనిచేయడానికి ఒక గొయ్యి, ఒక లేత్ మిషను, ఒక వెల్డింగు మూల, ఆ పక్కనే టీ కాచుకునే పొయ్యి. వానాకాలం వస్తే రేకుల మీద మోతకి పక్కవాడి మాట వినపడేది కాదు. అందుకే మా గ్యారేజీ వాళ్ళందరికీ గట్టిగా మాట్లాడే అలవాటు. ఇంట్లో ఆడవాళ్ళు ఇప్పటికీ తిడతారు.

ఇది ఎనభైల చివర్లో జరిగిన సంగతి. అప్పట్లో కొత్త పార్టు దొరకడమంటే పండగ. రాయపూర్‌లో దొరక్కపోతే నాగపూర్, అక్కడా లేకపోతే కలకత్తా. వచ్చేదాకా బండి చెక్క దిమ్మల మీద కాళ్ళు లేని మనిషిలా కూర్చునేది. అందుకని అరిగిన పార్టు చేతికి రాగానే మా నోట వచ్చే మొదటి మాట, "కట్టేద్దామా, మార్చేద్దామా?" కట్టడం అంటే అరిగినచోట వెల్డింగుతో ఉక్కు ఎక్కించి, లేత్ మీద తిప్పి, మళ్ళీ పాత కొలతకి తీసుకురావడం. చాలామట్టుకు కట్టేసేవాళ్ళం. మార్చేద్దాం అన్నవాణ్ణి పని తప్పించుకునేవాడిలా చూసేవాళ్ళం.

కట్టడంలో మా పెద్ద మిస్త్రీని మించినవాడు మా ఎరికలో లేడు. ఆయనది విజయనగరం వైపు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గేంగుమేనుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చుట్టరికం ఏమీ లేదు, క్వార్టర్లు పక్కపక్కన, అంతే. నేను ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకి కూతుళ్ళు లేరు గనక ఆ పిలుపు వల్ల నాకు ప్రమాదమేమీ లేదు. వెల్డింగు చేసేటప్పుడు పెట్టుకునే నల్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే. ఒకసారి పెళ్ళి భోజనానికి కూడా వాటితోనే వచ్చి కూర్చుంటే, మా అత్త, అంటే ఆయన భార్య, వంకాయ కూర వడ్డిస్తూ వడ్డిస్తూ వాటిని లాగేసింది.

పళ్ళు ఊడిన గేరుకి ఒక్కో పన్నూ కట్టేవాడు. కాలనీలో కుక్కరు పిడి ఊడినా, సైకిలు ఫోర్కు విరిగినా ఆయన దగ్గరికే. ఆయన చేతిలో నేనూ పని నేర్చుకున్నాను. సుత్తి ఎలా పట్టాలో, ఉక్కు ఎర్రబడినప్పుడు ఏ రంగు దాకా ఆగాలో, అన్నీ ఆయన చెప్పినవే. కట్టిన ముక్కని ఊరికే ఇచ్చేవాడు కాదు. దాన్ని తీగతో దూలానికి వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టేవాడు. లోపల బీట ఉంటే పగిలిన కుండలా చప్పగా పలుకుతుంది. బాగుంటే గుడిగంటలా సాగుతుంది. అప్పుడు పక్కనున్నవాడి వైపు తిరిగి "ఇన్నావా?" అనేవాడు. ఇన్నానంటేనే దాన్ని దింపేవాడు.

ఆయనే పెట్టిన కట్టుబాటు ఇంకోటి ఉండేది. ఏ పార్టునైనా ఎవడు 'పరవాలేదు' అంటాడో వాడు ఆ బండి మొదటి ట్రయలుకి ఎక్కి కూర్చోవాలి. అరిగిన పార్టు ఎక్కడుంటే ఆ పక్కనే కూర్చోవాలి. రతన్‌పూర్ దాకా పోయి తిరిగి రావాలి. ఒకసారి క్లచ్చి ప్లేటు పరవాలేదన్న ఫిట్టరు రతన్‌పూర్ నుంచి లారీని తోయించుకుంటూ వచ్చాడు. ఆ తరవాత చాలా రోజులు మా గ్యారేజీలో పరవాలేదు అనే మాట వినపడలేదు. "టీలో పంచదార సరిపోయిందా?" అంటే కూడా "ఏమో, నువ్వే తాగి చూడు" అనేవాళ్ళు.

నా పని ముందు చక్రాలు, స్టీరింగు, బ్రేకులు. వాటి విషయంలో నేను సరే అనకపోతే బండి గేటు దాటదు. అది మా ఆఫీసరు పెట్టిన పద్ధతి.

ఇక ఆస్పత్రి బండి సంగతి. తెల్ల బండి, వెనక పొడుగు బెంచీ, స్ట్రెచరు. లైను పక్కన క్వార్టర్లలో ఉండే కుటుంబాలకి అదే దిక్కు. పురుటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, పెద్దాయనకి గుండె నొప్పి వచ్చినా ఆ బండే పోవాలి. మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు మా ఆవిడ కూడా అందులోనే వెళ్ళింది. గుంతల్లో అది వేసిన కుదుపులు ఆమె ఇప్పటికీ నాకే అప్పజెపుతుంది, నేనేదో దగ్గరుండి కుదిపించినట్టు.

ఆ బండి పూర్తి రిపేరుకి వచ్చింది. ఇంజను దింపారు. లోపల ఇంజనుకి వెన్నెముకలాంటి క్రాంకు షాఫ్టు అరిగిపోయి ఉంది. పెద్ద మిస్త్రీ దాన్ని కట్టాడు. ఎంత బాగా కట్టాడంటే, ఇంజను మళ్ళీ ఎక్కించి స్టార్టు చేస్తే బానెట్టు మీద పెట్టిన టీ గ్లాసులో టీ కదల్లేదు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన నల్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "ఈ నెలాఖరికి నాను రిటైరు. నన్ను ఇందులోనే ఇంటికి దింపండి" అన్నాడు.

మా దగ్గర రిటైరైన మనిషికి పూలదండలేసి, బేండు పెట్టి, గ్యారేజీ బండిలో ఇంటిదాకా దింపడం ఆనవాయితీ. ఆయన నదికి అవతల, సర్కండా వైపు, రాజ్‌కిశోర్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న కాలనీ.

"ఆస్పత్రి బండిలోనా మావా? అపశకునం కాదా?" అన్నారు ఎవరో.

"ఏటి అపశకునం? అందులోకి రోగం లేకుండా ఎక్కినోడు ఇప్పటిదాకా లేడు. నానొక్కణ్ణయినా దండేసుకుని దిగుతాను. ఆ బండికీ మనసు బాగుంటది."

అది నవ్వుతూ అన్నాడు గాని నవ్వులాట కాదు. ఆ రోజు నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, డోరు తెరిచి చూసి, మూసి వెళ్ళేవాడు.

తరవాత ముందు చక్రాలు నా చేతికి వచ్చాయి. డ్రైవరు వైపు చక్రం ఊడదీశాను. చక్రం దేని మీద తిరుగుతుందో ఆ ఇరుసు, మేం దాన్ని స్టబ్ అనేవాళ్ళం, మొదట్లో మణికట్టు కంటే లావు, చివరికి సన్నం. చూద్దును గదా, లోపలి బేరింగు కూర్చునే చోట ఉక్కు అరిగి మెట్టు పడిపోయింది. బేరింగు దాని మీద పట్టు లేకుండా గిర్రున తిరుగుతోంది. ఇరుసుని విప్పి గుడ్డలో చుట్టి పెట్టి, మార్చాలని చెప్పి, ఆ సాయంత్రం ఇంటికెళ్ళిపోయాను.

మర్నాడు టీ వేళకి వచ్చి చూస్తే స్టబ్ దూలానికి వేలాడుతోంది. పెద్ద మిస్త్రీ పొద్దున్నే వచ్చి, ఉక్కు ఎక్కించి, లేత్ మీద తిప్పించి, మెరుగు పెట్టేశాడు. అరిగిన చోటు ఏదో కనిపెట్టలేనంత నున్నగా ఉంది. ఎండ పడి వెండిలా మెరుస్తోంది. గ్యారేజీ అంతా టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడి ఉంది.

మావ చిన్న సుత్తి తీసి ఒక్క దెబ్బ కొట్టాడు. ఎంత బాగా మోగిందో చెప్పలేను. రేకుల షెడ్డంతా పాకి, సన్నగా సాగి సాగి ఆగింది. నా వైపు తిరిగాడు.

"ఇన్నావా?"

"ఇన్నాను మావా. బాగుంది."

"దించనా మరి? చక్రం ఎక్కిస్తావా?"

"వద్దు మావా."

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించేశారు. ఆయనకి నా మాట అర్థం కాలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అలాగే మోగింది.

"ఇందులో బీటేటైనా ఉందా?"

"లేదు."

"కొలత తప్పిందా?"

"లేదు మావా. నీ చెయ్యి ఎప్పుడు తప్పింది?"

"మరేటి నీ బాధ?"

నేనేం చెప్పానో మీకు చెప్పేముందు ఒక సంగతి. దానికి కొన్నాళ్ళ ముందు మోప్కా దారిలో ఒక ప్రైవేటు లారీ ముందు చక్రం ఊడిపోయి పొలంలోకి దొర్లింది. మా జీపులో అటు వెళ్తూ ఆగి చూశాను. మనుషులు బతికారు, లారీ మాత్రం పక్కకి పడుకుంది. విరిగిన ఇరుసు చేత్తో పట్టుకుని చూశాను. కట్టిన ఇరుసే. వెల్డింగు గట్టిగానే ఉంది. వెల్డింగు ఎక్కడ అయిపోయిందో సరిగ్గా ఆ పక్కన విరిగింది. విరిగిన చోట ఉక్కు సగం నల్లగా, సగం తెల్లగా మెరుస్తోంది. నల్లది ఎన్నాళ్ళుగానో లోపల పాకిన బీట, తెల్లది ఆ రోజు తెగింది. అంటే కట్టిన రోజు అది బాగానే ఉండి ఉంటుంది. సుత్తితో కొడితే బాగానే మోగి ఉంటుంది. బరువు మోస్తూ, గుంతల్లో పడుతూ లేస్తూ, తరవాత ఎప్పుడో మొదలైంది ఆ నలుపు. అది నా కళ్ళల్లో ఉండిపోయింది.

అదే చెప్పాను మావకి. చెప్పి, "గేరు కట్టు మావా, క్రాంకు కట్టు, నేను వద్దనను. అవి పోతే బండి ఆగిపోతుంది. ఇది పోతే బండి ఆగదు" అన్నాను.

పొయ్యి మీద టీ పొంగిపోతే చౌకీదారు పరుగెత్తి దించాడు.

"నానెక్కుతాను గదరా," అన్నాడు మావ. గొంతు తగ్గింది. "కట్టుబాటు నాదే గదా. ఆ చక్రం మీదే కూకుంటాను. కావాలంటే మీ అత్తని కూడా ఎక్కిస్తాను."

"నువ్వు ఒక్కరోజు కూకుంటావు మావా. ఆ పురుటి ఆడకూతుళ్ళు రోజూ కూకుంటారు. పరవాలేదని వాళ్ళనలేదు గదా."

ఆయన మొహం చూడలేకపోయాను. చాలాసేపు సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తరవాత అందరి వైపు తిరిగి, "అయిదో క్లాసు ఆఫీసరు గారు సెలవిచ్చేసినారు. టీ తాగండి, సల్లారిపోతాది" అని వెల్డింగు మూలకి వెళ్ళిపోయాడు. స్టబ్ అక్కడే వేలాడుతూ ఉండిపోయింది.

కబురు ఆఫీసరు దాకా వెళ్ళింది. ఆయన అలహాబాదు వైపు మనిషి, మంచివాడు, ఎవరి మాటా మధ్యలో తుంచేవాడు కాదు. నన్ను కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"అచ్ఛా. నీ అనుమానం సరైనదే. మేం చదువుకున్నదీ అదే. కానీ ఆస్పత్రి నుంచి రోజూ ఫోన్లు. లేడీ డాక్టరు జీపులో పేషెంట్లని తెప్పించుకుంటోంది. పెద్ద మిస్త్రీ కట్టింది ఎప్పుడైనా విరిగిందా?"

"లేదు సాబ్."

"విరగనిదాన్ని వద్దంటున్నావు. ఆలస్యమైతే అందరూ నిన్నే అంటారు. నన్ను అడ్డం పెట్టుకుంటావా? నేను ఆపమన్నానని చెప్పుకో, పరవాలేదు."

అది ఆయన పెద్దమనసు. కానీ నాకు రుచించలేదు. "వద్దు సాబ్. మావకి నా నోటితోనే వద్దన్నాను. అది నాదిగానే ఉండనివ్వండి" అన్నాను. ఆయన నవ్వి, స్టోరు బాబుని పిలిచి, కొత్త స్టబ్ ఎక్కడున్నా తెమ్మని పంపించాడు.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరకముందే మా ఆవిడకి తెలిసింది. కుళాయి దగ్గర కబురు గ్యారేజీ కంటే వేగంగా పోతుంది గదా.

"ఏటండీ, మావయ్యగారి పని పనికిరాదన్నారంట?"

"పనికిరాదనలేదు. వద్దన్నాను."

"రెండిటికీ తేడా ఏటి?"

"నీకు తేడా తెలియాలంటే ఆ బండిలో ఇంకోసారి ఎక్కాలి."

"ఓలమ్మ, ఇంకొకర్ని కనమంటారా ఇప్పుడు" అని నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. కాసేపటికి గోడ మీద నుంచి చెయ్యి ఒకటి వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో చేపల పులుసు. గోడకి అవతల మా అత్త. "మీ మావకి సెప్పకండి. ఆయన కోపం ఆయనది, సేపలు నావి" అంది. ఆ నెలంతా అలాగే నడిచింది. పగలు మావ నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకోటి మాట్లాడేవాడు కాదు. సాయంత్రం ఆయన వాటా పులుసు నేను తినేవాణ్ణి.

స్టోరు బాబు ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి కొత్త స్టబ్ పట్టుకొచ్చాడు. మావ రిటైరు కావడానికి ఇంకా టైముంది. కాగితం విప్పి, గ్రీజు తుడిచి, దాన్ని చక్రం ఊడదీసిన చోట పెట్టి చూశాను. స్టీరింగు రాడ్డు తగిలించే దాని కొమ్ములు తిరగబడి ఉన్నాయి. అది ఎడమ పక్క స్టబ్. మనకి కావలసింది కుడిది.

మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా గ్యారేజీలో కుడి ఎడమ అనే మాటలు ఎవరూ వాడేవాళ్ళు కాదు. డ్రైవరు వైపు, క్లీనరు వైపు, అంతే. ఎందుకంటే బండిలో కూర్చున్నవాడి కుడి, బండికి ఎదురుగా నిలబడ్డవాడికి ఎడమ అవుతుంది. స్టోరు బాబు కొత్తగా వచ్చినవాడు, బట్టలకి నూనె అంటకుండా ఉండాలని బండికి ఎదురుగా దూరంగా నిలబడి, చక్రం ఊడదీసిన పక్క తన ఎడం చేతి వైపుంటే 'ఎడమది' అనుకుని వెళ్ళిపోయాడు. దాన్ని రైల్లో పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు పాపం.

నేను చెప్పగానే అతను వెళ్ళి బండికి ఎదురుగా నిలబడ్డాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు. వెనక్కి తిరిగి మళ్ళీ చూసుకున్నాడు. "మరి ఇప్పుడేం చేయాలండీ?" అన్నాడు.

వెల్డింగు మూల నుంచి మావ గొంతు, "ఏటుంది, బండిని ఎనక్కి తిప్పి నడపండి. సరిపోద్ది."

షెడ్డంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో ఆయన నోట వచ్చిన ఎకసెక్కం అది. కానీ నవ్వు ఆగాక అందరికీ తెలిసింది, నెలాఖరుకి బండి దిమ్మల మీదే ఉంటుందని. కొందరు నా దగ్గరికొచ్చి, "ఆ రోజు మట్టుకు పాతది వేసెయ్, ఇంటికి దింపి వచ్చాక తీసెయ్, ఎంత దూరం గనక" అన్నారు. నాకూ ఆశ పుట్టింది. నదికి అవతలికి వెళ్ళి రావడమే గదా. రెండు రోజులు ఆ మాటే నెమరేసుకున్నాను. కానీ ఒక రోజుకి సరే అన్న పార్టు మర్నాడు ఎవడు తీస్తాడు? బండి బయటికి వచ్చిందని తెలిస్తే ఆస్పత్రి వాళ్ళు గేటు దగ్గరే ఎక్కేస్తారు. వద్దనే అన్నాను.

రిటైరైన రోజు మావ గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. నల్లద్దాలు లేకపోయేసరికి నుదుటి మీద తెల్లటి గుర్తు కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఎండ తగలలేదు. దండలు వేశాం, ఆఫీసరు రెండు మాటలు మాట్లాడాడు, బేండువాళ్ళు సిద్ధంగా ఉన్నారు. లారీ కడిగి పూలు కట్టి పెట్టాం. మావ లారీ దాకా వచ్చి ఆగి, దిమ్మల మీదున్న తెల్ల బండి వైపు ఒకసారి చూశాడు.

"నాను నడిసెళ్తాను" అన్నాడు.

ఆఫీసరు జీపు ఎక్కమన్నాడు. ఎక్కలేదు. చెప్పులు సరిచేసుకుని గేటు దాటాడు. అప్పుడు జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. లేత్ మిషను అతను ముందు కదిలాడు, తరవాత ఫిట్టర్లు, డ్రైవర్లు, స్టోరు బాబు, ఆఫీసరు కూడా జీపు వదిలి నడిచాడు. బేండువాళ్ళు ముందు, మావ వెనక, ఆయన వెనక గ్యారేజీ మొత్తం. ఖాళీ లారీ పూలతో మా వెనక మెల్లగా వచ్చింది. బజార్లో షాపుల వాళ్ళు బయటికొచ్చి చూశారు. నది వంతెన మీద బేండువాళ్ళు అలిసిపోయి ఆగితే, మావ వాళ్ళ డోలు తీసుకుని తానే వాయించాడు. నేను అందరికంటే వెనక, లారీకి ముందు నడిచాను. బిలాస్‌పూర్‌లో చాలామంది రిటైరయ్యారు, పెద్దపెద్ద వాళ్ళు కూడా. అలా ఊరంతా దాటి నడిపించుకుంటూ ఇంటికి చేర్చిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇంటి దగ్గర అందరికీ లడ్డూలు పెట్టాడు. నాకూ పెట్టాడు. మాట మాత్రం పెట్టలేదు.

కుడి స్టబ్ వచ్చింది. ఈసారి స్టోరు బాబు బండిలో డ్రైవరు సీట్లో కూర్చుని, ఏ చేతి వైపో చూసుకుని మరీ వెళ్ళాడు. ఎక్కించాం. బ్రేకులు చూసుకున్నాం. ట్రయలుకి సిద్ధమైంది. నేను సైకిలేసుకుని రాజ్‌కిశోర్ నగర్ వెళ్ళాను. మావ వాకిట్లో మడత కుర్చీ కాలికి వెల్డింగు లేక తీగ చుడుతున్నాడు.

"బండి తయారైంది మావా. రతన్‌పూర్ వెళ్తున్నాం. రా."

"నానెందుకు? మార్చిందే గదా. మార్చినోడు కూకుంటాడు."

"నేను కూకుంటాను, చక్రం పక్కన. ఇంజన్లో క్రాంకు ఎవరు కట్టారు?"

తీగ చుట్టడం ఆపాడు.

"దానికి పరవాలేదన్నది నువ్వు. కట్టుబాటు పెట్టింది నువ్వు. నువ్వు ఎక్కకపోతే బండి గేటు దాటదు. నేనైతే దాటనివ్వను."

"నాను రిటైరైపోనానురా."

"క్రాంకు రిటైరు కాలేదు గదా మావా."

తీగ కింద పడేశాడు. తరవాత ఇంట్లోకి వెళ్ళాడు. కోపంతో తలుపేసుకున్నాడేమో అనుకున్నాను. నల్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని బయటికొచ్చాడు.

అలా వెళ్ళాం రతన్‌పూర్. ఆయన ఇంజను పక్కన, బానెట్టు మూత మీద అరచెయ్యి పెట్టుకుని. నేను డ్రైవరు వెనక, చక్రం మీద. గుంతలు వచ్చినప్పుడు ఆయన నా కింద ఏమైనా చప్పుడవుతోందా అని వినేవాడు. నేను ఆయన చేతి కింద వినేవాణ్ణి. రతన్‌పూర్‌లో బండి ఆపి, చక్రం మూత మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, ఉండాల్సినంతే. మావ కూడా వంగి చెయ్యి పెట్టాడు.

"సల్లగానే ఉంది," అన్నాడు.

"నీ క్రాంకో?"

"అది ఎప్పుడైనా సల్లగానే ఉంటాది. నాను కట్టింది."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. అక్కడ బస్సుల దగ్గర పకోడీలు తిన్నాం. డబ్బు నన్ను తీయనివ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరుకి సైగ చేశాను. అతను గ్యారేజీ వైపు తిప్పకుండా వంతెన ఎక్కించాడు. మావకి అర్థమైంది. చొక్కా సరిచేసుకుని, వెనక బెంచీ మీదకి మారి కూర్చున్నాడు, అంతే.

ఇక్కడ మేం ఒకటి ఆలోచించలేదు. రాజ్‌కిశోర్ నగర్‌లో, కొత్త కాలనీలో, ఇంటి ముందు ఆస్పత్రి బండి ఆగితే ఏమవుతుంది? పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మా అత్త వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చి, "ఓలమ్మో, ఏటయిపోనాది? పొద్దున్న బాగానే ఎల్లినాడు గదా" అని గుమ్మం పట్టుకుని కూలబడింది. వెనక తలుపు తెరుచుకుంది. మావ ఒళ్ళు విరుచుకుంటూ దిగాడు.

"సెప్పినానా? ఈ బండిలోంచి ఆరోగ్యంగా దిగేవోణ్ణి నానే అని."

మా అత్త లేచి గరిటెతో ఆయన్ని ఒకటి వేసింది. తరవాత నన్నూ ఒకటి వేసింది. డ్రైవరు ముందే తెలివిగా తలుపేసుకున్నాడు. ఆ రాత్రి అక్కడే భోజనం. ఈసారి పులుసు గోడ మీంచి రాలేదు.

ఆ బండి చాలా ఏళ్ళు తిరిగింది. మావ కట్టిన క్రాంకు, మేం మార్చిన స్టబ్, రెండూ కలిసి. అందులో ఎంతమంది తల్లులు వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుని తిరిగొచ్చారో నేను లెక్కపెట్టలేదు. ఇది చదివేవాళ్ళలోనే కొందరు ఆ బండిలో మొదటిసారి ఇంటికి వచ్చి ఉంటారు. మీ అమ్మల్ని అడగండి.

మావ వేలాడదీసి వెళ్ళిన ఇరుసు మాత్రం దూలానికే ఉండిపోయింది. దింపడానికి ఎవరికీ చేతులు రాలేదు. అప్పటిదాకా టీ వేళకి మా చౌకీదారు, "చల్ గా, చాయ్ పీబో", రండయ్యా టీ తాగుదాం అని, అరిచి పిలిచేవాడు. వానాకాలం రేకుల మోతలో ఆ అరుపు వినపడేది కాదు. ఒకనాడు విసుగొచ్చి ఆ ఇరుసుని సుత్తితో కొట్టాడు. గేటు దాకా వినపడింది. ఆ రోజు నుంచి అదే మా గంట. టీకి, భోజనానికి, ఇంటికి వెళ్ళడానికి. మావ ఎప్పుడైనా గ్యారేజీకి వస్తే, అది మోగగానే గొప్పగా నా వైపు చూసేవాడు. నేను తల ఊపేవాణ్ణి.

తరవాత వచ్చిన కుర్రాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. "దాదా, ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బలు తిని విరగని ముక్క, చక్రం కింద విరిగేదా?" అని. నాకు తెలీదు అనేవాణ్ణి. ఇప్పటికీ నాకు తెలీదు. తెలీదు గనకే వద్దన్నాను. మీరు ఏ పనిలో ఉన్నా ఇది గుర్తుపెట్టుకోండి. మంచి చేతిపనిని మెచ్చుకోవడం, దాని మీద ఇంకొకరి ప్రాణం పెట్టడం, ఈ రెండూ ఒకటి కావు. మావ పనికి నా అంత గర్వపడినవాడు ఆ గ్యారేజీలో లేడు. వద్దన్నదీ నేనే.

నేను రిటైరైన నాటికి మావ లేడు. ఆ తెల్ల బండీ లేదు. దండలు వేస్తుండగా, అన్నేళ్ళలో నేను ఆ ఇరుసుని ఒక్కసారి కూడా కొట్టలేదని గుర్తొచ్చింది. వెళ్ళి చౌకీదారు చేతిలో సుత్తి అడిగి తీసుకున్నాను. ఒక్క దెబ్బ కొట్టాను. వెనకటిలాగే పలికింది. షెడ్డంతా పాకి, సన్నగా సాగి సాగి ఆగింది. గొయ్యిలో ఉన్నవాళ్ళు, లేత్ దగ్గరున్నవాళ్ళు అందరూ పని ఆపి, చేతులు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చేశారు. టీ ఇంకా పెట్టనే లేదు. అంతా నా మొహం చూస్తూ నిలబడ్డారు.

"ఇన్నారా?" అన్నాను.

"ఇన్నాం" అన్నారు.

ఇన్నానంటేనే దింపేవాడు మావ. నేను మాత్రం దాన్ని దింపొద్దని చెప్పి ఇంటికొచ్చాను.